బావమరిది దగ్గు

ఈ కొండల్లో నన్ను పాముచెవుల గైడు అంటారు. ఇరవై ఆరేళ్ళుగా పిట్టలు చూడ్డానికొచ్చేవాళ్ళని పైకి తీసుకెళ్తున్నాను. ఆకు కదలకముందే ఆ పొదలో ఏ పిట్టుందో చెప్పగలిగేవాణ్ణి. చెప్పగలిగేవాణ్ణి అంటున్నాను, గమనించండి. రెండేళ్ళ కిందట ఆ చెవులు పోయాయి. మొత్తం పోలేదు. మనిషి మాట వినిపిస్తుంది, వాగు వినిపిస్తుంది, కాకి అయితే బ్రహ్మాండంగా వినిపిస్తుంది. సన్నటి కూతలే పోయాయి. మా కొండకి జనం వచ్చేదేమో సన్నటి కూత కోసం.

ఆ కూత సూదిపిట్టది. బొటనవేలంత ఉంటుంది, తడిమట్టి రంగు, వాగుల పక్కన వెదురు పొదల్లో నేల మీదే తిరుగుతుంది. కళ్ళతో వెతికితే ఏడాదైనా దొరకదు. మూడు కూతలు కూస్తుంది, మూడోది సన్నగా పైకి లేస్తుంది. అది ఎటునుంచి వచ్చిందో పట్టుకుని, అటు తిరిగి కదలకుండా కూర్చుంటే అప్పుడు కనబడుతుంది. ముందు చెవి, తర్వాతే కన్ను. కనబడకపోయినా, గైడు విన్నానని సంతకం పెడితే లెక్కలోకి వస్తుంది. మా దగ్గర పద్ధతి అది. గైడు మాట మీద అంత నమ్మకం.

చెవులు పోయిన సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు రెండేళ్ళు నెట్టుకొచ్చాను. విచిత్రమేమిటంటే, ఆ రెండేళ్ళూ పిట్ట దొరుకుతూనే ఉంది. చెవి పోతే పోయింది, కొండ నా ఒంట్లో ఇంకిపోయింది అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాకున్న తలనొప్పల్లా మా బావమరిది. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు, నలభై ఏళ్ళవాడు, నాతో వంటకీ మోతకీ వస్తాడు. వాడికో దగ్గు. ఇంట్లో రాదు, నిద్రలో రాదు, పొయ్యి ఊదుతూ పొగ మింగినా రాదు. అందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నప్పుడు మాత్రం సరిగ్గా వచ్చి తీరుతుంది. నా తిట్లలో సగం ఆ దగ్గుకే ఖర్చయ్యాయి.

ఈసారి పైకి వచ్చింది ఒక్కరే, రిటైరైన నర్సు. అరవై ఆరేళ్ళు. గైడుల్ని పంపే ఆఫీసులో కుర్రాళ్ళు అప్పుడే నర్సమ్మగారు అని పిలిచేస్తున్నారు, నేనూ అదే పట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా ఈ కొండలకి వచ్చి ఒక నోటుపుస్తకం నింపిందట. అందులో లేనిది సూదిపిట్ట ఒక్కటే.

"వచ్చే నెల రెండు మోకాళ్ళకీ ఆపరేషను," అంది మొదటిరోజు ఎక్కుతూ. "ఆ తర్వాత ఎక్కనివ్వరు. ఇదే నా ఆఖరి కొండ. ఇంకో సంగతి, నా చెవులు సన్నటి శబ్దాలు పట్టడం మానేశాయి. పరీక్ష చేయించుకున్నాను. పూర్తిగా మీ చెవులు నమ్ముకుని వచ్చాను సుమండీ."

కళ్ళజోడు నంబరు చెప్పినంత తేలిగ్గా చెప్పింది. నాకూ అంతేనమ్మా అంటే ఆ నిమిషంలో అయిపోయేది. వేరే గైడుని పంపేవాళ్ళు. నేనేమన్నానో తెలుసా? "మీరేం బెంగపెట్టుకోకండి, నేనున్నానుగా," అన్నాను.

ఆ సాయంత్రమే వాగు మలుపులో కూర్చున్నాం. పావుగంట అయిందో లేదో, వెనకనుంచి ఖళ్ ఖళ్ మన్నాడు మావాడు. నమిలేద్దామని కోపంగా తిరిగాను. వాడి భుజం వెనక కొమ్మ మీద బంగారు రంగు గొంతుతో ఒక చిన్న పిట్ట కూర్చుని ఉంది. సూదిపిట్ట కాదు గానీ, అదీ తేలిగ్గా దొరికేది కాదు. నర్సమ్మగారికి చూపించాను. "నిజంగా పాముచెవులే," అందావిడ. నేను మొహమాటపడినట్టు నటించాను. బావమరిది నేలచూపులు చూస్తూ నవ్వుకున్నాడు. దగ్గి పని పాడుచేసింది కాక నవ్వొకటా అనుకున్నాను.

రెండోరోజు సూదిపిట్ట జాడ లేదు. వాడు రెండుసార్లు దగ్గాడు, నేను రెండుసార్లు తిరిగాను, పొద తప్ప ఏమీ కనబడలేదు. పొద్దు వాలే వేళకి నా ఒళ్ళంతా చిరాకే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా దగ్గుదే అని తేల్చేశాను.

టెంటు ముందు టీ తాగుతుంటే నర్సమ్మగారు వాణ్ణి పిలిచి కూర్చోబెట్టింది. వీపు మీద చెవి ఆనించి, ఊపిరి పీల్చమంది, వదలమంది. నాలుగుచోట్ల విని లేచింది.

"ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. గొంతులోనూ ఏం లేదు. మరి ఈ దగ్గు ఎక్కణ్ణుంచి వస్తోందయ్యా?"

"అలవాటండీ," అన్నాడు వాడు.

"దిక్కుమాలిన అలవాటు," అన్నాను నేను. "ఒరేయ్, రేపు నువ్వు ఇక్కడే ఉండు. వంట చూసుకో చాలు. ఈ ట్రిప్పు అయ్యాక ఇంకే గైడు వెంటైనా పో, నా వెంట మాత్రం వద్దు. ఆఫీసులో చెప్పే వచ్చాను."

నిజంగానే చెప్పి వచ్చాను. ఆ సంగతి మా ఆవిడకి తెలిసి అప్పటికి వారం రోజులుగా నాతో మాటల్లేవు.

వాడి మొహం పాలిపోయింది. "రేపొక్కరోజు రానీ బావా. వెనకాలే ఉంటాను. ఆవిడకి ఆఖరి రోజు కదా," అన్నాడు.

"అందుకే వద్దంటున్నాను. నువ్వొస్తే పిట్ట రాదు."

పరాయి మనిషి ముందు అన్నాను ఆ మాట. నర్సమ్మగారు తన గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

మూడోరోజు తెల్లవారుతూనే నేనూ ఆవిడా బయల్దేరాం. పై లోయలో వెదురు దట్టంగా ఉంటుంది, రెండు గంటల ఎక్కుడు. మధ్యాహ్నం రెండింటికి టెంట్లు ఎత్తి కిందికి దిగిపోవాలి. ఇరవై అడుగులు వేశామో లేదో వెనకనుంచి దగ్గు వినిపించింది. నేను తిరగలేదు. మళ్ళీ దగ్గాడు. తిరగకూడదని పంతం పట్టాను. మూడోసారి గొంతు చీల్చుకుంటున్నట్టు దగ్గాడు.

నర్సమ్మగారు ఆగింది. "ఆయనేదో చెప్పాలనుకుంటున్నట్టున్నారు."

"రాత్రి అన్నదానికి అలక. మీరు పదండి," అన్నాను. తల తిప్పకుండానే "నోరు మూసుకోరా" అని అరిచి మలుపు తిరిగాను.

ఆవిడ మోకాళ్ళు ఎంత బాధపెట్టాయో ఎక్కేటప్పుడు చూశాను. రాయి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని, పళ్ళు బిగించి కాలు పైకి లాగేది. ఒక్కసారి కూడా ఇంకా ఎంత దూరం అని అడగలేదు. పై లోయలో కూర్చున్నాం. నాకు నీళ్ళ చప్పుడు వినిపించింది, ఆవిడ ఆయాసం వినిపించింది. గంట గడిచింది. ఇంకో అరగంట గడిచింది. కళ్ళు నొప్పెట్టేదాకా చూశాను. ఈసారి నా ఒంట్లో ఇంకిన కొండ ఏమీ పలకలేదు. ఆవిడ మాత్రం పొదవైపు కాదు, నా మొహంలోకే చూస్తోంది. ఆవిడకి ఆ పిట్ట వినబడితే నా మొహంలోనే వినబడాలి.

"ఏమైనా...?" అంది చివరికి, గొంతులోనే.

నేను వేలు పైకెత్తాను. తల కొంచెం వంచాను. పాతికేళ్ళుగా చేసినట్టే చేశాను.

"అదిగో. మూడు కూతలు. అవతలి ఒడ్డున," అన్నాను.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎలా ఉంటుంది? కొంచెం కిందిస్థాయిలో ఈలవేసి చూపిస్తారా, నాకు వినబడేట్టు?" అని అడిగింది. వేశాను. జ్ఞాపకంలో ఉన్న కూత, నిక్షేపంగా వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకుని విని, పుస్తకం తీసి, తేదీ వేసి, రాసి, సంతకానికి నాకిచ్చింది. పెట్టాను. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "మీ మేలు మర్చిపోను," అంది. ఆ చేతుల్లోంచి నా చెయ్యి ఎలా లాక్కోవాలో తెలియలేదు.

దిగేటప్పుడు ఆవిడే కబుర్లు చెప్పింది. నేను తేలు కుట్టిన దొంగలా నడిచాను.

క్యాంపుకి వచ్చేసరికి పన్నెండు దాటింది. ఆవిడ టెంటు ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను నీళ్ళకని వంటచోటు వెనక వాగు దగ్గరికి వెళ్ళాను. బావమరిది అక్కడ గిన్నెలు తోముతున్నాడు.

"పైన వినిపించిందా బావా?"

"ఆ. వినిపించింది."

వాడు తోమడం ఆపలేదు. కాసేపటికి, "ఇక్కడ తెల్లవారినప్పట్నించీ కూస్తోంది," అన్నాడు. "మీరు బయల్దేరేటప్పుడు ఇదిగో ఈ రాయి మీదే ఉంది. అందుకే అంతలా దగ్గాను. నువ్వు తిరిగి ఉంటే కనబడేది."

నాకు అర్థం కాలేదు. లేదు, అబద్ధం, వెంటనే అర్థమైంది. అర్థం కానట్టు నిలబడ్డాను.

"ఇప్పుడూ కూస్తోంది బావా," అన్నాడు మెల్లిగా.

చెవి రిక్కించాను. వాగు. గిన్నె మీంచి కారుతున్న నీళ్ళు. వాడి ఊపిరి. అంతే. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏమిటి కొరుకుతున్నావని అడిగాడట. ఆ సామెత చెప్పి ఎంతమందిని నవ్వించానో.

"ఎప్పట్నించి తెలుసురా నీకు?"

"రెండేళ్ళయింది. వానల్లో ఒకసారి నీ తల పక్కనే కూస్తుంటే నువ్వు తాపీగా బూటు లేసు కట్టుకుంటున్నావు."

"చెప్పొచ్చుగా."

"ఎలా చెప్పను? నలుగురూ పాముచెవులంటారు నిన్ను. అక్క కూడా అందరికీ అదే గొప్పగా చెప్పుకుంటుంది. దగ్గితే తిట్టడానికైనా నావైపు తిరుగుతావు కదా. పిట్ట ఎటుంటే అటు జరిగి నిలబడేవాణ్ణి."

"నేనన్ని తిట్లు తిడుతుంటే పడ్డావా?"

"తిట్లేం ఒంటికి అంటుకుంటాయా బావా," అన్నాడు. తోమిన గిన్నె బోర్లించి, "నిన్న రాత్రివి కొంచెం అంటుకున్నాయిలే," అన్నాడు.

నీళ్ళు పట్టకుండానే నర్సమ్మగారి దగ్గరికి వెళ్ళి, నిలబడే మొత్తం చెప్పాను. చెవుల సంగతి, దగ్గు సంగతి, పొద్దుటి సంతకం సంగతి. కూర్చోమని ఆవిడ అనలేదు.

"రోగం లేని దగ్గు ఎందుకొస్తుందా అని రాత్రంతా ఆలోచించాను," అంది. తర్వాత గొంతు మారింది. "ఈ మోకాళ్ళతో రెండు గంటలు ఎక్కించారు. అది క్షమిస్తాను, పిట్ట ఇక్కడే ఉందని మీకూ తెలియదు కాబట్టి. కానీ నేను నా చెవుల సంగతి చెప్పినప్పుడు మీ సంగతి చెప్పలేదు చూడండి, అది క్షమించడం కష్టం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాకు వినిపించకపోతే వినిపించలేదనే చెప్పాను. చెప్పకపోతే మనుషులు చచ్చిపోతారు."

పుస్తకం తెరిచి పొద్దుటి వరస కొట్టేసింది. నా సంతకం మీదుగా గీత వెళ్ళింది.

"ఆఫీసులో మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తానండీ."

"సరే. ఇప్పుడాయన్ని పిలవండి. ఇంకా గంటన్నర ఉంది."

ముగ్గురం వాగు దగ్గర కూర్చున్నాం. వాడు ముందు, ఆవిడ పక్కన, నేను వెనక. ఇరవై ఆరేళ్ళలో నేను వెనక కూర్చున్నది అదే మొదలు. చాలాసేపు ఏమీ లేదు. నావల్ల ఆవిడకి దక్కకుండా పోయింది, పోయినట్టే, అనుకుంటూ నా గోళ్ళు చూసుకుంటున్నాను. ఉన్నట్టుండి వాడు అలవాటు కొద్దీ ఖళ్ మన్నాడు. దగ్గి, నాలిక్కరుచుకుని, ఈసారి ఆవిడ మోచెయ్యి పట్టుకుని మెల్లిగా ఎడమవైపు తిప్పాడు.

నానిపోయిన దుంగ మీద, తోక నిక్కబెట్టుకుని, సూదిపిట్ట. ముక్కు తెరుచుకుంది, మూసుకుంది. గొంతు కింద ఈకలు అదురుతున్నాయి. అది కూస్తోందని నాకు కళ్ళతోనే తెలిసింది. ఆవిడకీ అంతే. బైనాక్యులర్ దించలేదు, కదల్లేదు. అది దుంగ దిగి పొదలోకి వెళ్ళిపోయాక కూడా చాలాసేపు అటే చూసింది.

పుస్తకంలో కొత్త వరస రాసింది. 'చూసింది: నేను' అని రాసి, 'విన్నది' అన్నచోట కలం ఆపి నావైపు చూసింది.

"మా బావమరిదండీ," అన్నాను.

వాడు తడిచేతులు చొక్కాకి తుడుచుకుని, నేనెప్పుడూ పెట్టే చోట, పిల్లాడిలా పట్టిపట్టి సంతకం పెట్టాడు. "నువ్వూ పెట్టు బావా, గైడువి కదా," అని కలం నాకివ్వబోయాడు. నేను తీసుకోలేదు.

దిగేటప్పుడు వాణ్ణి ముందు నడవమన్నాను. సగం మూట నేను తీసుకున్నాను. రెండు మలుపులు దిగాక, సీసా ఎత్తి నీళ్ళు తాగుతూ వాడు దగ్గాడు. నేనూ నర్సమ్మగారూ ఉన్నచోటనే ఆగిపోయి వాడివైపు తిరిగాం.

"ఏం లేదు బావా, నీళ్ళు పొలమారాయి," అన్నాడు.

అయినా నేను వాడి భుజం వెనక పొదలన్నీ ఒక్కొక్కటిగా వెతికి గానీ కదల్లేదు.