కింద పడని బంతి

సౌదీల, యాన్బుల మా లేబర్ క్యాంపు ఎనకాల బాస్కెట్‌బాల్ కోర్టున్నది. డ్యూటీ దిగి వచ్చినోళ్లు పొద్దుగూకంగ అక్కడ తాడు కట్టి బట్టలు ఆరేస్తరు. బట్టలకు పైన, ఇద్దరు మనుషుల ఎత్తుల, మొన్నటిదాంక రాజేశం బంతి గాలిల ఆగి ఉండేది. గాలిదుమ్ము లేసినప్పుడు మా రూముల ఉండే భూమేష్ బూజుకట్టెతోని దాన్ని తుడిసేటోడు. పావురం కూసుంటే ఉష్ అనేటోడు. గంతే.

రాజేశంది కోరుట్ల దిక్కు ఊరు. మనిషి బాగ పొడుగు. కంపెనీలు పోటీ పడి టీములు పెట్టిన కొత్తల, వీసాల మేస్త్రి అని రాసి ఆయనను ఆడనీకె తీసుకొచ్చిండ్రు. మనోళ్లల్ల బంతాటకు జీతం తీసుకున్న మొదటి మనిషి ఆయనే. బీడీలు చుట్టే తల్లి లస్మవ్వ నమ్మలే.

"ఆడుకుంటే జీతమిస్తరా? నిజం చెప్పురా, ఏం పని చేపిస్తున్రు నీతోని?"

ఏండ్లకేండ్లు ఆడిండు. ఒక్క తప్పు మాత్రం ఎన్నడు చెయ్యలే. బంతిని నేలకు కొట్టకుంట చేతుల పట్టుకొని నడిస్తే తప్పు. కొత్తగ నేర్చుకునేటోళ్లు చేస్తరది. రాజేశం కలల గూడ చెయ్యలే.

మోకాళ్లు పోయినంక, వీసా ఇచ్చిన అరబ్బు సేటు, కఫీల్ అన్నడు, "ఈ ఫైనల్ ఒక్కటి అయిపోనీ. పాస్‌పోర్టుల ఖురూజ్ ముద్ర కొట్టిస్త, ఇగ ఇంటికి పో."

ఫైనల్ నాడే లస్మవ్వ మంచాన పడ్డదని ఫోనొచ్చింది. ఆమెనే మాట్లాడింది. "నువ్వు ఆడు బిడ్డా. నీ బంతి కింద పడేదాంక నేను ఏడికి పోను."

ఒక్క పాయింటు ఎనకున్నరు. ఆఖరి బంతి రాజేశం ఎగిరి ఏసిండు. అది పైకి పోయింది, కిందికి రాలే. అందరు శానసేపు చూసిండ్రు. రిఫరీ నౌమాన్ విజిల్ జేబుల ఏసుకొని నమాజ్‌కు పోయిండు. బంతి పడకుంటే ఆట అయిపోనట్టే. ఆట అయిపోకుంటే ఖురూజ్ లేదు.

గట్లనే ఏండ్లు గడిచినయి. రాజేశం స్టోర్ల పని చేసుకుంట, రోజు వచ్చి బంతి కింద నిలబడేటోడు. చెయ్యి మాత్రం సాపకపోయేది.

"అన్నా, ఒక్కసారి చెయ్యి సాపరాదు? నువ్వంటేనే ఇంటదది. బుట్టల పడ్తే కప్పు మనదే," అన్నడు భూమేష్.

"బుట్టలకెళ్లి ఏడ పడ్తదిరా? కిందనే గద."

లస్మవ్వ మాట యాదికొచ్చి భూమేష్ మళ్ల బూజుకట్టె అందుకున్నడు.

మొన్నొక శుక్రవారం లస్మవ్వ వీడియోల కనవడ్డది. మొఖం బీడాకు లెక్క ఎండిపోయింది. "యాష్టకొచ్చింది బిడ్డా. సచ్చుడు లేదు, బతుకుడు లేదు. ఒక్కసారి నిన్ను చూసి పోత."

రాజేశం పోయి నౌమాన్‌ను పిలుసుకొచ్చిండు. "విజిల్ తెచ్చుకో భాయ్." కప్పు మీద ఆశతోని కఫీల్ గూడ కుర్చీ ఏసుకొని కూసున్నడు. బట్టలు తీసేసిండ్రు.

రాజేశం రెండు చేతులు సాపిండు. పొద్దుగూకినంక కోడి గూట్లెకు వచ్చినట్టు బంతి దిగొచ్చి చేతులల్ల కూసున్నది. అందరు బుట్ట దిక్కు చూసిండ్రు. రాజేశం బంతిని పసిపిల్ల లెక్క ఎదకు అదుముకొని నడిసిండు.

"అన్నా, నేలకు కొట్టు! నడుస్తున్నవే!" భూమేష్ మొత్తుకున్నడు.

రాజేశం ఏడ్సుకుంటనే నడిసిండు. నౌమాన్ విజిల్ నోట్ల పెట్టుకున్నడు గని ఊదబుద్ధి కాలే. కోర్టు గీత దాటంగ ఊదిండు.

"ఖతం. ఓడిపోయినవ్ రాజేశం భాయ్."

కఫీల్ మెల్లగ లేసి, "ఖురూజ్ తీసుకో," అని పోయిండు.

విమానంల బంతి ఒళ్లెనే ఉన్నది. చేతులు ఖాళీ లేవని పక్క సీట్ల ఉన్న దవాఖాన నర్సు అన్నం తినిపించింది.

ఇంటికాడ లస్మవ్వ బంతి చేతులకు తీసుకొని ఒత్తి చూసింది. "గింతదానికి జీతమిచ్చిండ్రా?" అని నవ్వింది. కొడుకు తల నిమిరింది. మోకాళ్లు నిమిరింది. ఇగ పొద్దుగూకుతుంటే మంచం అంచు నుంచి ఆమెనే బంతిని కిందికి ఇడిసిపెట్టింది.

బంతి వాకిట్ల ఎగిరెగిరి పడుకుంట రాజేశం ముందటికెళ్లే పోయింది. రాజేశం పట్టుకోలే. అది ఆగేదాంక తల్లి చెయ్యి పట్టుకొని కూసున్నడు.