ఆరని ఎర్రలైటు

మేం పనికొచ్చిన దేశాన్ని ఆక్రమించిన ఇరాక్ సైనికులు హన్మాండ్లును తీసుకుపోయిన నాటినుంచి మా కారులో ఎర్రలైటు ఆరలేదు.

ఆయనది జగిత్యాల. ఇక్కడ మేముండే అర్దియాలో మెకానిక్కు. నా చెల్లెలు చిట్టిని తన సొంత చెల్లెలికన్నా ఎక్కువ చూసుకునేవాడు. మమ్మల్ని పనిలో పెట్టుకున్న కఫీల్ సౌదీకి పారిపోతూ వదిలేసిన పాతకారును మాకోసం బాగుచేస్తూ చెప్పాడు.

"గీ ఎర్రలైటు తాళం తిప్పంగనే ఎలగాలె, ఇంజన్ చాలైతె ఆరాలె. ఆరకుంటె బ్యాటరీకి కరెంటు పోతలేదన్నట్టు. బెల్టు వదులైంది, బిగిస్త."

బిగించకముందే సైనికులు వచ్చి, వాళ్ల లారీ చూడాలని ఆయన్ని ఎక్కించుకుపోయారు. స్పానర్ నా చేతికిచ్చి, ఇప్పుడే వస్తానన్నాడు. రాలేదు.

ఈలోగా చిట్టికి జ్వరం ముదిరింది. ఆసుపత్రిలో మందుల్లేవు. బాస్రా చేర్చి డాక్టరుకు చూపిస్తే తప్ప నా చెల్లెలు నాకు దక్కదు.

బయలుదేరేముందు బెల్టు బిగిస్తానని నా మొగుడు నాగేశ్వర స్పానర్ అడిగాడు. నేనివ్వలేదు. హన్మాండ్లన్న వదిలిన పని మనం ముగిస్తే ఆయనింక రాడని నా భయం. పిచ్చి భయమే, కానీ నాది.

"హన్మాండ్లన్న వచ్చి బిగిస్తాడులే. నువ్వు తోలు," అన్నాను.

ఇంజన్ నడుస్తున్నా లైటు సన్నగా వెలుగుతూనే ఉంది. వెనకసీట్లో పడుకున్న చిట్టి దాన్నే చూస్తోంది.

"అక్కా, అది అన్న కన్ను. మనల్నే చూస్తాండాడు."

నా ఒళ్లు జలదరించింది. "పీకెయ్ ఆ బల్బును. పిల్ల బెదురుకుంటాంది," అన్నాను. నా నోటికి జడిసే మనిషి నాగేశ్వర, కారు ఆపి ఊడదీశాడు. కొంగున ముడేసుకున్నాను.

బాస్రా దారిలో మత్లా గుట్ట దిగుతుంటే బ్యాటరీ అయిపోయి కారు ఆగిపోయింది. చుట్టూ ఎడారి, తలుపులు బార్లా తెరిచిన ఖాళీ కార్లు. సైనికుల లారీ ఒకటి వచ్చిందంటే నాగేశ్వరనూ ఎక్కించుకుపోతారు. చిట్టి పెదాలు ఎండిపోయాయి.

నాగేశ్వర చెయ్యి చాపాడు. "స్పానర్ ఇయ్యి. బల్బు గూడా ఇయ్యి. దాని గుండానే డైనమోకు మొదటి కరెంటు పోతాదంట, అప్పుడే అది బ్యాటరీని నింపేది. అన్నే ఎప్పుడో చెప్పినాడు, నీ అరుపుల్లో మర్చిపోతి."

ఇచ్చాను. ఇస్తుంటే ఏడుపొచ్చింది.

బెల్టు బిగించి బల్బు పెట్టి తాళం తిప్పాడు. లైటు నీరసంగా వెలిగింది. నేను వెనకనుంచి తోశాను. పల్లంలో కారు జారి, దగ్గి, ఇంజన్ అందుకుంది. పరుగెత్తి ఎక్కేసరికి లైటు ఆరిపోయి ఉంది.

చిట్టి తలెత్తి చూసింది.

"అక్కా, అన్న కండ్లు మూసుకున్యాడు."

అన్న కోసం కారు వెనక్కి తిప్పమని నోటిదాకా వచ్చింది. చిట్టి నుదురు కాలిపోతోంది.

"పోనీ," అన్నాను.

బాస్రా వచ్చేదాకా ఆ లైటు మళ్లీ ఒక్కసారైనా వెలిగితే బాగుండునని దానివంకే చూస్తూ కూర్చున్నాను.