నొక్కని గడియారం

తెనాలి చదరంగం జట్టులో నాలుగో బల్ల ఏళ్ల తరబడి హైమావతిది. గణితం బోధించి పదవీ విరమణ చేసిన ఆమెకు ఆ కుర్చీ తప్ప మరో వ్యసనం లేదు. 2007లో అది అనంతకృష్ణకు పోయింది. కారణం అతని ఆట కాదు, ఇంటర్నెట్‌లో అతని పేరు పక్కన వెలిగే పందొమ్మిది వందల రేటింగు.

ఆ రేటింగు పుట్టుక హైమావతి కళ్లారా చూసినదే. బోసురోడ్డులోని నెట్ సెంటర్లో ఒకనాడు అతని వెనకే కూర్చుంది. మంత్రిని ముందే బయటికి లాగి, ఎదుటి రాజు పక్కనున్న బంటు మీదికి ఉరికించడం ఒక్కటే అతనికి వచ్చిన విద్య. అది పారితే గెలుపు. పారకపోతే, గంటల గడువున్న ఆటలే ఎంచుకునేవాడు కనుక, మౌసు వదిలేసి సమోసా తెప్పించుకునేవాడు. ఏ దేశంలోనో ఉన్న ప్రత్యర్థి చూసి చూసి, విసిగి లేచిపోయేవాడు. ఆట ఇతనికి దక్కేది. ఎదుటివాడి విసుగును తన ప్రతిభగా జమ వేసుకున్న మనిషికి ఓపికతో పని ఏముంటుంది?

"కుర్రాడిది దూకుడు, మేడమ్. మీరు మరీ నిదానం. ఈసారికి అదనపు ప్లేయరుగా రండి," అన్నాడు జట్టు కార్యదర్శి బసవేశ్వరరావు.

"పరుగుపందానికైతే మంచి ఎంపికేనండి," అంది ఆమె. బాపట్ల పోటీల్లో అతను గెలిస్తే ఆ కుర్చీ ఇక తనది కాదని ఆమెకు తెలుసు.

బాపట్లలో తొలి రౌండు రేపల్లె జట్టుతో పడింది. అనంతకృష్ణకు ఎదురుగా మత్తయి అనే బ్యాంకు మేనేజరు. పక్కన జంట గడియారం. ఎత్తు వేసినవాడు తన మీట నొక్కితేనే తన కాలం ఆగి, అవతలివాడిది కదులుతుంది. మొదట్లో అనంతకృష్ణ బుద్ధిగానే నొక్కాడు. మంత్రి బంటును కొట్టగానే అతనికి ఒళ్లు తెలియలేదు. "చెక్!" అని హాలంతా వినబడేలా అరిచి, చేతులు దులుపుకొని లేచాడు. మీట నొక్కలేదు.

ఆ మంత్రిని చంపడానికి మత్తయి గుర్రం ఒక్క గెంతు చాలు. ఆయన అదీ చేయలేదు. గడియారం వంక చూసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకొని ఊరుకున్నాడు.

వరండాలో అనంతకృష్ణ టీ తాగుతున్నాడు. "అయిపోయింది బాబాయ్ గారూ! పాపం, ఎత్తు దొరక్క గిలగిల్లాడుతున్నాడు."

"శభాష్!" అన్నాడు బసవేశ్వరరావు. "ఏంటి మేడమ్, మాట్లాడరు?"

"ఆట నడుస్తుండగా మాట్లాడకూడదండి." అది నియమం. హాల్లో నొక్కని మీటను చూసి వచ్చిన ఆమెకు ఆ పూట నియమం ఎన్నడూ లేనంత రుచించింది.

గడువు తీరి ఓడినట్టు, అనంతకృష్ణ గడియారం మీది చిన్న జెండా పడింది. అతను పరుగెత్తుకొచ్చాడు.

"నేను ఎత్తు వేశానండీ!"

"వేశారు. నొక్కలేదు," అన్నాడు నిర్ణేత.

"నెట్‌లో దానంతటదే నొక్కుకుంటుందండి!"

హాలు గొల్లున నవ్వింది. మత్తయి మాత్రం నవ్వకుండా, గుర్రాన్ని చూపుడువేలితో ఒకసారి తట్టి లేచాడు. అప్పటికి గాని అనంతకృష్ణకు ఆ గుర్రం కనబడలేదు.

బసవేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్... రెండో రౌండుకి మీరు కూర్చోండి."

"నాకు రేటింగు లేదు కదండి."

"ఇంకా సాధించకండి, మేడమ్."

హైమావతి కళ్లజోడు తుడుచుకొని నాలుగో బల్ల దగ్గర కూర్చుంది. అనంతకృష్ణ ఇంకా కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు.

"వెళ్లి టీ పూర్తి చెయ్యి నాయనా," అంది ఆమె వెనుదిరగకుండా. "ఇప్పుడు తిరిగేది నీ గడియారం కాదు."