పెడల్ దిగలేదంది దియ

మా దియ చేతికి ఇక కారు ఇవ్వకూడదని 2012 నవంబర్‌లో ఒక ఆదివారం పొద్దున తేల్చేశాం. పదహారేళ్ల పిల్ల, మూడు వారాల్లో రెండుసార్లు సిగ్నల్ దాటుతూ నడిరోడ్డు మీద కారు ఆపేసింది. రెండుసార్లూ పక్క సీట్లో నేనే ఉన్నాను. నాకు కనిపించింది దాని కంగారే.

"గ్యాస్ పెడల్ కిందికి వెళ్లలేదు, అమ్మా. ఐ స్వేర్!" అని ఏడ్చింది.

మావారు దామోదర్ మొదట తననే అనుమానించుకున్నారు. దసరా ముందు క్యారీ ఊళ్లోని మా ఇంటి ముందు డ్రైవ్‌వేలో, వీడియోలు చూస్తూ ఎయిర్ ఫిల్టర్ మార్చింది, ఇంజన్‌కి గాలి వదిలే థ్రాటిల్ క్లీన్ చేసింది ఆయనే. మెకానిక్ దగ్గరికి వెళ్లడమంటే ఆ మహానుభావుడికి నామోషీ. మళ్లీ అన్నీ ఊడదీసి బిగించారు. స్కానర్ పెడితే లోపం చూపించే కోడ్ ఒక్కటి కూడా రాలేదు. మా వీధుల్లో నింపాదిగా పది చుట్లు తిప్పినా కారు బుద్ధిగా నడిచింది.

"కార్లో ఏమీ లేదు. తప్పు చేసి, పైగా అబద్ధాలు," అన్నారు.

నేనూ తలూపాను. వచ్చే వారం ఉన్న లైసెన్స్ రోడ్ టెస్ట్ క్యాన్సిల్ చేశాం. దియ గది తలుపు వేసుకుంది.

మధ్యాహ్నం పాల కోసం ఆ కారే తీశాను. పసుపు లైటు పడితే గట్టిగా బ్రేక్ వేసి ఆగాను. పచ్చ లైటు వచ్చింది. ఎదురుగా వస్తున్న ట్రక్కు దూరంగానే ఉంది కదా అని, దాని దారికి అడ్డంగా ఎడమకి తిప్పాను.

యాక్సిలరేటర్ పెడల్ దిగలేదు! రాయి మీద కాలు పెట్టినట్టుంది. కారు పాకుతోంది. ట్రక్కు హారన్ మోగిస్తూ మీదికి వచ్చేస్తోంది. ఆ డ్రైవర్ ఎలా తప్పించాడో, జానెడు దూరంలోంచి వెళ్లిపోయాడు. దియ చెప్పింది నిజం. బుర్రలో అదొక్కటే.

కారుని పాకించుకుంటూ పక్కనే ఉన్న గ్యాస్ స్టేషన్‌లోకి చేరాను. వంగి పెడల్ కింద చెయ్యి పెడితే గుండ్రటిదేదో తగిలింది. లాగాను. ఎండి రాయిలా బిగుసుకుపోయిన నిమ్మకాయ. దాని మీద కుంకుమ.

అది నేను పెట్టిందే! దసరా రోజు నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాక, అయిదోది డ్రైవర్ సీటు కింద దాచాను. ఆయనకి తెలిస్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. పిల్ల డ్రైవింగ్ నేర్చుకుంటోంది, దిష్టి తగలకూడదని. గట్టిగా బ్రేక్ వేస్తే అది దొర్లి పెడల్ కిందికి చేరేది, కాసేపటికి వెనక్కి పోయేది. ఆయన నింపాదిగా నడిపారు కాబట్టి కదల్లేదు. నా పిల్లని నా చేతులతో నేనే ట్రక్కుల ముందుకు తోశాను.

పాలు లేకుండానే ఇంటికొచ్చాను. దియ గది తలుపు కొట్టి, ఆయన ముందే అంతా చెప్పేశాను. ఆయన నవ్వలేదు. దియ నా అరచేతిలోని నిమ్మకాయని తీసుకుని చూసింది.

"నాకోసం పెట్టావా?"

"అవునమ్మా. నీకేమీ కాకూడదని."

"దీన్ని నమ్మావు," అంది నెమ్మదిగా. "నన్ను ఎందుకు నమ్మలేదు, అమ్మా?"