టేపు చివర మడత

మందుల గిడ్డంగి గోడ మీద థర్మామీటరు ఇరవై మూడున్నర చూపిస్తోంది. ఇరవై అయిదు దాటిందంటే లోపలున్న పెట్టెలన్నిటికీ సీలు వేసి పక్కన పెట్టేయాలి. వాటితోపాటు బావని కూడా పక్కన పెట్టేస్తానని స్టోర్ మేడమ్ పొద్దున్నే చెప్పేసింది. ఏసీ ఇలా మధ్యలో ఆగిపోవడం నెలలో ఇది మూడోసారి. అక్కడ ఎలక్ట్రీషియను బావే. ఎండ ముదిరినప్పుడల్లా ఆయన డాబా మీది యంత్రం మీద నీళ్లు కొడుతున్నాడని, అందుకే లోపలి వైర్లు పాడవుతున్నాయని ఆవిడ అనుమానం. బావ రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలుంది.

"ఎనిమిది నెలలు ఓపిక పట్టలేవూ, ఏం పుట్టి మునిగింది నీకు" అని యంత్రాన్ని తిట్టుకుంటూ డాబా మెట్లెక్కాడు మీటరు.

మీటరంటే బావకి బావమరిది, ఏసీ మెకానిక్కు. చేతిలోని కరెంటు మీటరు పెట్టి చూస్తే తప్ప దేన్నీ నమ్మడు కాబట్టి ఆ పేరు అతికిపోయింది. అక్క ఒళ్లు కాలిపోతోందిరా అంటే నుదురు ముట్టుకోడు, ఎంతుందో చెప్పమంటాడు. అలాంటి మనిషి. ఈ గిడ్డంగి ఏసీల పని నాలుగేళ్ల కిందట బావే మాటసాయం చేసి ఇప్పించాడు.

డాబా మీద ఎండ మాడ్చేస్తోంది. కంప్రెసరు పావుగంట తిరగడం, ఉన్నట్టుండి ఆగిపోవడం. బోర్డు మీద తప్పు చూపించే అంకె ఒక్కటీ రావడం లేదు. తప్పేమిటో చెప్పే రోగం నయం, నోరు మూసుకుని కూర్చునే రోగంతోనే చావు. మీటరు ముందుగా కంప్రెసరు పైపుకి కట్టిన వేడి సెన్సరు వైరుని బోర్డు దగ్గర పీకి, చేతిలోని మీటరు పెట్టాడు. కంప్రెసరు ఎంత వేడెక్కిందో బోర్డుకి చెప్పేది అదే. వేడెక్కితే బోర్డు దాని వేగం తగ్గిస్తుంది. దాని తెర మీద యాభై కిలోఓములని వచ్చింది. సెన్సరు తెగిపోలేదు, కలిసిపోలేదు. బంగారంలా ఉంది.

"దాని జోలికెందుకురా, వేసవి మొదట్లోనే మార్చావుగా" అన్నాడు పక్కన గొడుగు పట్టుకున్న బావ.

నిజమే కదా అని మీటరు దాన్ని వదిలేసి ఫ్యాను చూశాడు. కెపాసిటరు చూశాడు. గ్యాసు ఒత్తిడి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ముప్పావుగంట హరించుకుపోయింది. కింద నుంచి మేడమ్ ఫోను చేసి, "ఇరవై నాలుగు దాటింది" అని పెట్టేసింది.

మీటరు గడియారం చూసుకున్నాడు. బావకి నోటీసు వస్తే అక్క మొహం ఎలా చూడాలి? నాలుగేళ్లుగా వీళ్లు పెట్టిన తిండి తింటున్నాడు. చేతిలో మీటరుండి, ఇన్ని పరికరాలుండి, ఒక్క కంప్రెసరు ఎందుకు ఆగుతోందో చెప్పలేకపోతున్నాడు. చెమట కళ్లలోకి కారుతుంటే తుడుచుకోబోయి, మోచేయి పైపుకి ఆనించాడు. చుర్రుమంది. చర్మం ఊడినంత పని అయింది.

అప్పుడు తట్టింది. పైపు ఇంత కాలిపోతుంటే సెన్సరు యాభై ఎందుకు చూపించింది? యాభై అంటే చల్లగా నీడలో కూర్చున్న సెన్సరు అంకె. వేడెక్కేకొద్దీ ఆ అంకె పడిపోవాలి.

"బావా, నీ ఫ్లాస్కు ఇటివ్వు."

గొంతు నొప్పని బావ రోజూ వేడినీళ్లు తెచ్చుకుంటాడు. ఆయన ఫ్లాస్కు ఇవ్వడానికి ఎందుకో తటపటాయించాడు. "మోటారు పాతబడిందని రాసేయరా. నీళ్లు కొట్టానని నేనే ఒప్పుకుంటా. కిందికి పోదాం పద."

"కొట్టావా?"

బావ గొడుగు అటు తిప్పుకున్నాడు. మీటరు ఫ్లాస్కు లాక్కుని, మూతలో నీళ్లు పోసి, పైపు మీది నుంచి వైరు చివర ఊడదీసి అందులో ముంచాడు. పొగలు కక్కుతున్న నీళ్లలో కూడా యాభై. రవ్వంత కూడా కదల్లేదు. చివర చుట్టిన నల్లటేపు వైపు చూశాడు. టేపు కొస లోపలికి మడిచి ఉంది, మళ్లీ విప్పేటప్పుడు గోరుకి సులువుగా దొరికేలా.

అలా మడిచే చెయ్యి ఈ ఊరి మెకానిక్కుల్లో ఒక్కటే. అది తనది.

మీటరుకి పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు నెలల కిందట సెన్సరు చెడిపోయింది. కొత్తది దుకాణంలో లేదు. మేడమ్ నెత్తిన కూర్చుంది. రెండు రోజులకే కదా అని, సెన్సరు బదులు ఎప్పుడూ అదే యాభై చూపించే చిన్న రెసిస్టరు కట్టి, టేపు చుట్టి, బోర్డుని మోసం చేశాడు. ఎలాగూ మార్చేస్తాం కదా అని సర్వీసు కార్డులో 'సెన్సరు మార్చాను' అని రాసి సంతకం కూడా పెట్టాడు. తరవాత వేసవి పనుల్లో పడి మరిచేపోయాడు. అప్పటి నుంచీ బోర్డు దృష్టిలో కంప్రెసరు చల్లగా ఉంది. వేగం తగ్గించేదే లేదు. పాపం అది ఒంట్లోని రక్షణతో తనంతట తానే ఆగి ప్రాణం కాపాడుకుంటోంది.

సంచి అడుగున చెయ్యి పెట్టి వెతికాడు. కవరు కూడా చించని కొత్త సెన్సరు దొరికింది. రెండు రోజుల తరవాత కొని సంచిలో వేసింది, అప్పటి నుంచీ అది భుజానే తిరుగుతోంది.

"బావా, తడిగుడ్డ కావాలి. త్వరగా."

బావ బకెట్టుతో పరుగెత్తుకొచ్చాడు. కంప్రెసరు మీద తడిగుడ్డ కప్పి, చల్లబడేదాకా ఇద్దరూ నిలబడ్డారు. చెయ్యడానికి ఏమీ లేని ఆ పది నిమిషాలే నరకం. ఫోను మోగింది. ఇరవై నాలుగు పాయింట్ ఏడు. మీటరు కొత్త సెన్సరు పైపుకి బిగించాడు. స్విచ్చి వేశాడు. కంప్రెసరు గుర్రుమని లేచి, పరుగు తగ్గించుకుని, నిలకడగా తిరగసాగింది. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఆగలేదు.

కిందికి దిగేసరికి థర్మామీటరు ఇరవై నాలుగున్నరకి వచ్చింది. మేడమ్ కార్డు పట్టుకుని నిలబడి ఉంది.

"సెన్సరు అప్పుడే మార్చినట్టు రాసుంది. అంటే అది కాదు. నీళ్ల వల్లేగా?" అని బావ వైపు తిరిగింది.

"అవునండీ, నేనే కొట్టాను" అన్నాడు బావ తల వంచుకుని.

మీటరు కార్డు మీద తన సంతకం చూశాడు. ఊరుకుంటే అయిపోతుంది. ఎవరికీ తెలీదు. బావే ఒప్పేసుకున్నాడు కూడా. జేబులో టేపు చుట్టిన ఆ రెసిస్టరు తొడకి గుచ్చుకుంటోంది. దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆయన నీళ్లు కొట్టలేదండీ. నేను మార్చకుండానే మార్చానని రాశాను. ఇదిగో, ఇది పెట్టాను."

మేడమ్ దాన్ని చూసింది, కార్డు చూసింది. ఆ తరవాత కార్డు మీద అతని సంతకాన్ని అడ్డంగా కొట్టేసి, "రేపటి నుంచి మీరు రానక్కర్లేదు" అంది మీటరుతో. బావ వైపు చూసి, "మీరు వెళ్లి రీడింగులు రాసుకోండి" అంది.

బల్ల మీది ముక్క తీసుకుని బయటపడ్డ మీటరుని వాకిట్లో బావ వెంటపడి పట్టుకున్నాడు. "బుద్ధుందా నీకు? నాకు ఎనిమిది నెలలే. నీకు బతుకంతా ఉంది. పొద్దున్న యంత్రం మూత తీసినప్పుడే చూశాన్రా, సెన్సరు ఉండాల్సిన చోట ఆ మడత. నీకది నేర్పిందెవరనుకున్నావు?"

మీటరుకి కళ్లు నిండిపోయాయి. మెట్టు మీద కూర్చుని, ఆ టేపు మడతని గోటితో పట్టుకుని లాగాడు. ఒక్క లాగుకే మొత్తం వచ్చేసింది.