కంటాసుపత్రిలో కదిలే గీతలు

నేను ఒక బొమ్మను. అలాగని నాలో కొండా కోనా లేవు, కుండెత్తుకున్న పడుచూ లేదు. నిలువెత్తు హార్డ్‌బోర్డు మీద తెల్ల రంగు, దాని మీద నిలువునా నల్లగీతలు. అంతే. అంచుల్లో లావుగా మొదలైన గీతలు మధ్యకొచ్చేసరికి సన్నబడి ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. కాసేపు చూడండి. నా మధ్యభాగం లోపలికి పీల్చుకుపోతుంది, మళ్ళీ ఉబుకుతుంది, దండెం మీద చీరలా రెపరెపలాడుతుంది. నిజానికి నేను మేకుకు బిగుసుకుని ఉంటాను. ఆడేది మీ కన్ను. నింద నాకు.

మా వంశాన్ని ఆప్ ఆర్ట్, అంటే కంటిని ఆడించే కళ, అంటారు. మాకన్నా ముందు పుట్టిన ఇంప్రెషనిజం వెలుతురు వెంట పరిగెత్తింది. క్యూబిజం మనిషి ముఖాన్ని ముక్కలుగా తరిగి అన్నీ ఒకే పళ్ళెంలో వడ్డించింది. ఆ తరవాతి వాళ్ళు అసలు వస్తువునే ఇంట్లోంచి గెంటేశారు. మా పక్కింటి పాప్ ఆర్ట్ దుకాణంలోని డబ్బాల్ని తెచ్చి గోడెక్కించింది. మాకు మిగిలింది చూసేవాళ్ళ కన్నొక్కటే. దాన్నే పట్టుకున్నాం. పేరొచ్చినంత వేగంగానే మా గీతలు గౌన్ల మీదికీ కర్టెన్ల మీదికీ పాకిపోయాయి. ఇదంతా కనికట్టే తప్ప కళ కాదని పెద్దలు మొహం తిప్పుకున్నారు. కళ్ళు తిరిగి తిప్పుకున్నారేమో, చెప్పలేను.

విశాఖపట్నంలో చిత్రకళ చదువుతూ వకుళ నన్ను గీసింది. ఊపిరి బిగబట్టి ఒక గీత, వదిలి, మళ్ళీ బిగబట్టి ఇంకో గీత. ఒకచోట ముందే వదిలేసింది. గీత వణికింది. బ్లేడుతో గీకి మళ్ళీ గీసింది. కుడివైపు కింద ఆ చిన్న గుంట ఇప్పటికీ ఉంది. ఇందులో మనిషేడమ్మా అని మాస్టారు అడిగితే, ఎదురుగా నిలబడ్డారు కదండీ అంది. ఆ జవాబుకు మార్కులు తగ్గాయి. తరవాత ఉద్యోగమనీ, ఇల్లనీ ఏవేవో వచ్చి మీదపడ్డాయి. నాలాంటిది ఇంకొకటి గియ్యలేదు. ఆమె చేసిన పనంతా నేనే.

కాకినాడలో ఒక ప్రదర్శనలో కంటిడాక్టరుగారు నన్ను చూసి, పడీపడీ నవ్వి, తీసుకెళ్ళి తన ఆసుపత్రిలో రోగులు కూర్చునే బెంచీకి ఎదురుగా తగిలించారు. కంటి గురించి తెలిసినవాడి దగ్గర పడ్డానని సంబరపడ్డాను. నా సంబరం వీర్రాజుగారనే రోగి వచ్చేదాకానే. ఆయన నన్ను చూసి కళ్ళు తిరుగుతున్నాయన్నారు. లోపలికెళ్ళొచ్చి, శుక్లం ఆపరేషనట అన్నారు. బెంచీ ఒక నిర్ణయానికొచ్చేసింది. బొమ్మ కదిలితే కంట్లో జబ్బు. కదలకపోతే క్షేమం.

అబ్బే, మంచి కంటికే కదులుతుందని డాక్టరుగారు ఎంత చెప్పినా బెంచీ మీదివాళ్ళు వినలేదు. ఆయనకి ఆపరేషన్లు కావాలి, అలాగే అంటారన్నారు. అప్పట్నుంచి చుక్కలు వేయించుకుని కూర్చున్నవాళ్ళంతా నాకు పరీక్ష ఇచ్చేవాళ్ళే. కదులుతోందా అండీ అని ఒకరు. ఆయ్, అస్సలు కదలట్లేదండి అని ఇంకొకరు, రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుని. కదలడానికే పుట్టినదాన్ని, కదలనిదానిగా పేరుపడిపోయాను. నాకు నోరుంటే అరిచేదాన్ని.

ఏళ్ళు గడిచాక వకుళ వచ్చింది. జుట్టు నెరిసింది. మేనకోడలు నీహారిక చెయ్యి పట్టుకుని, కాలితో నేలను తడుముకుంటూ నడిచింది. నా ఎదురుగానే కూర్చుంది. నన్ను చూసింది. గోడను చూసినట్టు చూసింది.

నా గీతలన్నీ బిగించాను. పిచ్చిదాన్ని, నా చేతిలో ఏముంది? ఆమె కంటికి నేను బూడిదరంగు పలకను.

పక్కనున్న సత్తెమ్మగారు వంగి అడిగింది. "ఆ బొమ్మ కదుల్తుందేటండీ?"

"ఏ బొమ్మండీ?"

"అదేనండీ, నల్లగీతల బొమ్మ."

వకుళ లేచింది. రెండు చేతులూ చాచి నా దగ్గరికొచ్చింది. గీతల గట్లను వేళ్ళతో తడిమింది. చెయ్యి దిగుతూ దిగుతూ కుడివైపు గుంట దగ్గర ఆగిపోయింది. వేలికొసతో దాని అంచులు కొలిచింది.

"లేదండీ, కదలట్లేదు" అంది.

"అయితే మీకేం లేదండి. హాయిగా ఇంటికెళ్ళిపోవచ్చు."

బెంచీ అంతా సంతోషించింది. నీహారిక కళ్ళు మెరిశాయి. ఆ గదిలో ఆ మాటకు అసలు అర్థం తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒకరు నేను. రెండోది ఆమె, నా మీద చెయ్యి పెట్టుకుని.

"నేను గీసిందే ఇది" అని పక్కకొచ్చిన నీహారికతో మెల్లగా అంది వకుళ. "నాకెలాగూ కనపడదు. నువ్వు చూసి చెప్పు. ఇంకా కదుల్తోందా?"

నీహారిక నన్ను చూసింది. నేను ఉబికాను, కుంగాను, ఊగాను. వయసులో ఉన్న కళ్ళు, అందులోనూ చుక్కలు పడని కళ్ళు. అంత బాగా నేను ఆడి ఎన్నేళ్ళయిందో. ఆ పిల్ల రంగు మారింది. వెనక బెంచీ మొత్తం చెవులు రిక్కించి ఉంది. ఇంట్లో ఒక జత కళ్ళు పోతున్నది చాలదా, తనకీ జబ్బేనని తేలాలా అనుకుందో ఏమో.

"లేదత్తా. కదలట్లేదు."

వకుళ చెయ్యి నా మీంచి జారింది. బోర్డు పాతబడిపోయుంటుందిలే, రంగు చచ్చిపోయుంటుంది అని తనకు తనే చెప్పుకుంది. నేను అక్కడే, ఆమె మొహానికి జానెడు దూరంలో, పిచ్చెత్తినట్టు ఊగుతూనే ఉన్నాను. ఆమె పేరు పిలిచారు.

రెండడుగులు వేసి ఆగింది.

"మరి నా భుజం ఎందుకే అంత గట్టిగా పట్టుకున్నావ్, పడిపోయేదానిలా?"

"ఏం లేదత్తా. ఊరికే."

వకుళ, భుజం మీది ఆ చేతి మీద తన చెయ్యి వేసి, తలుపు వైపు తిరిగింది. ఆమె మొహం నాకు కనపడలేదు.