రెండు కాగితాలు, ఒకే దస్తూరీ

మా విశ్వవిద్యాలయం దేవుడిదా, సర్కారుదా అన్న అనుమానం నాకు గుమాస్తాగా చేరిన నాటినుంచీ ఉంది. స్థలం భక్తులిచ్చారు. పొద్దున్నే ప్రార్థన అయ్యాకే గదుల తాళాలు తీస్తాం. అలాగని అది పుట్టింది ప్రభుత్వం చేసిన చట్టంతో, జీతాలొచ్చేది ఖజానా నుంచి. ఓసారి మా సూపరింటెండెంటు గారిని అడిగితే, "అడిగేదెవరో చూసుకుని చెప్పాలోయ్" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆరేళ్ల కిందట మా వీధి దర్జీ ఆవిడ ఒక అర్జీ పెట్టుకుంది. ఆమె కూతురికి మా దగ్గర టీచరు ట్రైనింగులో సీటు రాలేదు. ఇంటర్వ్యూలో పిల్లకు ఎన్ని మార్కులు వేశారో చెప్పమని సమాచార హక్కు కింద అడిగింది.

"మనది ధార్మిక సంస్థ, ప్రైవేటు. చెప్పనక్కర్లేదని రాసి పడెయ్" అన్నారు సూపరింటెండెంటు గారు.

రాసి పడేశాను. అదే వారం ఉద్యోగులందరి తరఫునా పెన్షన్ కోసం ఇంకో అర్జీ రాశాను. మాది ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ కనుక మమ్మల్నీ ప్రభుత్వోద్యోగులుగా చూడమని అందులో వేడుకున్నాం. ఆ జవాబూ, ఈ అర్జీ రెండూ నా దస్తూరీలోనే ఉన్నాయి. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు.

మొన్న పెన్షన్ మంజూరైంది. మా ఆవిడ ఆ సంగతి వీధంతా చెప్పుకుంది. సాయంత్రం చొక్కా కొలతలకు వెళ్తే, దర్జీ ఆవిడ నోట్లోని గుండుసూది తీసి పక్కన పెట్టింది.

"అయితే మీది సర్కారుదేనన్నమాట, అన్నయ్యా."

"అవునమ్మా, తేల్చేశారు."

"ఎప్పట్నుంచి?"

వెనక బల్ల మీద కూతురు కాజాలు కుడుతోంది. తల ఎత్తలేదు.

"పోన్లే. మా వంతుకి ప్రైవేటు వచ్చింది. చేతులెత్తు అన్నయ్యా, చంక కొలవాలి."

దొంగలా చేతులెత్తి నిలబడ్డాను.

మర్నాడు ప్రార్థనలో కళ్లు మూసుకుంటే దైవం కనబడలేదు, నా దస్తూరీ కనబడింది. ప్రార్థన కాగానే పాత ఫైలు తీయించాను. ఇప్పటి సూపరింటెండెంటు చిన్నపిల్ల, నా కూతురి వయసు.

"రూలు ప్రకారం అప్పుడే ఇవ్వాల్సింది కదండీ. ఎవరు కాదన్నారు?" అంది.

"రాసింది నేనేనమ్మా."

ఆమె నా మొహం చూడకుండా, నకలివ్వమని సంతకం పెట్టింది.

పిల్లకు రెండు మార్కులు తగ్గాయి, అంతే. కానీ ఆ మార్కుల కాగితం అడుగున పరీక్షకుడు రాసిన మాట ఉంది: "బోధించే నేర్పు ఉంది. వచ్చే ఏడు తప్పక రమ్మని చెప్పాలి." ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల ఆ ఏడే పుస్తకాలు కట్టిపెట్టి కాజాల ముందు కూర్చుంది.

ఆ కాగితం నకలు, కొత్త జవాబు రెండూ తీసుకెళ్లి కూతురి చేతికే ఇచ్చాను. రెండుసార్లు చదివింది.

"ఇది అప్పుడే రాశారా మామయ్యా?"

"అప్పుడే."

"మేం అడిగినప్పుడు మీ బీరువాలోనే ఉందా?"

"ఉంది. నేను తీసి చూడలేదు, తల్లీ."

వాళ్లమ్మ మిషను ఆపింది. తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అందినట్టు సంతకం పెట్టించుకునే పుస్తకం నా చంకలోనే ఉంచేశాను. ఆ పిల్లే చెయ్యి చాచి నా చంకలోని పుస్తకం తీసుకుంది. ఆరేళ్ల నాటి అర్జీ నంబరు ఎదుట, ఇవాళ్టి తేదీ వేసి, సంతకం చేసింది.